ఐర్లండ్‌లో ఏ ఊరు మంచిది? అవార్డు చెప్పేదొకటి, అద్దె ఇల్లు చెప్పేదొకటి

2012లో ‘ఐర్లండ్‌లో నివాసానికి అత్యుత్తమ ప్రదేశం’ ఏదో తేల్చడానికి ఐరిష్ టైమ్స్ పత్రిక పోటీ పెట్టింది. మేయో కౌంటీలోని వెస్ట్‌పోర్ట్ గెలిచింది. 2021లో మళ్లీ పోటీ పెడితే ఆ గౌరవం వాటర్‌ఫర్డ్ కౌంటీలోని సముద్రతీర పట్టణం ట్రామోర్‌కు దక్కింది. రెండూ నిజంగానే అందమైన ఊళ్లు. వెస్ట్‌పోర్ట్ మధ్యలో చెట్ల నీడన పారే చిన్న నది ఉంది, ట్రామోర్‌కు కిలోమీటర్ల పొడవున ఇసుక తీరం ఉంది. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఆఫర్ లెటర్ చేత పట్టుకుని బయల్దేరే కుటుంబం ఇలాంటి జాబితా చూసి ఊరు ఎంచుకోవాలనుకోవడం సహజమే. చిక్కు అక్కడికి చేరాక మొదలవుతుంది. ఊరు నచ్చినా అందులో అద్దెకు ఇల్లు దొరకాలి, ఆ ఇంటి నుంచి ఆఫీసుకు దారి ఉండాలి, ఆ ఆఫీసు మూతపడితే మరో ఆఫీసు అందుబాటులో ఉండాలి. జాబితాలు ఈ మూడింటినీ పెద్దగా పట్టించుకోవు.

క్లుప్తంగా

మంచి ఊళ్ల జాబితాలు ఎక్కువగా అక్కడ ఇప్పటికే స్థిరపడినవాళ్ల సంతృప్తిని కొలుస్తాయి. కొత్తగా వెళ్లేవాళ్ల అవసరాలు వేరు. ఇళ్ల కొరత తీవ్రంగా ఉన్న దేశంలో, ఉద్యోగ పర్మిట్ ఒక్క యజమానికే ముడిపడి ఉన్నవాళ్లకు ఊరి పేరు కన్నా ఆ ఊరు ఏ రైలు మార్గం మీద ఉంది, గంట ప్రయాణంలో ఎన్ని సంస్థలున్నాయి అన్నవే ఎక్కువ అక్కరకొస్తాయి. వాతావరణం, ఆసుపత్రి, బడి, ఇంటి గోడల నాణ్యత ఆ తర్వాత చూడాల్సినవి. అవి ఊరిని బట్టే కాదు, వీధిని బట్టి కూడా మారతాయి.

ఊళ్లు ఎంత చిన్నవి

2022 ఏప్రిల్ 3న జరిగిన జనగణనలో ఐర్లండ్ జనాభా 51,49,139. 1851 తర్వాత ఆ దేశ జనాభా 50 లక్షలు దాటడం అదే మొదటిసారి. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో బంగాళదుంప పంట నాశనమై వచ్చిన మహా కరువు, ఆ వెంటే సాగిన వలసలు దేశాన్ని అంతగా ఖాళీ చేశాయి. ఇప్పటి జనాభాలో పావు వంతుకు పైగా డబ్లిన్ కౌంటీలోనే ఉంది. తర్వాతి నగరం కార్క్‌లో శివార్లతో కలిపి రెండు లక్షల పైచిలుకు జనం, లిమరిక్‌లో లక్షకు కాస్త ఎక్కువ, గాల్వేలో 86 వేలు, వాటర్‌ఫర్డ్‌లో 60 వేలు.

ఇవి నగరాలు. పట్టణాలు ఇంకా చిన్నవి. అన్నిటికన్నా పెద్దదైన డ్రోహెడాలో 44 వేల మంది, డండాక్‌లో 43 వేలు, నావన్‌లో దాదాపు 34 వేలు, ఎన్నిస్‌లో 28 వేలు, లెటర్‌కెన్నీలో 22 వేల పైచిలుకు. అవార్డు గెలిచిన వెస్ట్‌పోర్ట్ జనాభా 6,872. గాల్వే నగరం కన్నా మన ఖమ్మమే చాలా పెద్దది. కాబట్టి ‘జిల్లా కేంద్రం’ అనగానే మన మనసులో మెదిలే బొమ్మను పక్కన పెట్టాలి.

చిన్న ఊరంటే వసతులు లేని ఊరని అర్థం చేసుకోవడమూ పొరపాటే. ఏడు వేల మంది కూడా లేని వెస్ట్‌పోర్ట్‌కు డబ్లిన్ నుంచి నేరుగా రైలుంది, ప్రపంచానికంతటికీ బోటాక్స్ పంపే ఫ్యాక్టరీ ఉంది. చుట్టుపక్కల విశాలమైన గ్రామీణ ప్రాంతానికంతా అదే బజారు కావడంతో జనాభాకు మించిన దుకాణాలు, సేవలు అక్కడ చేరాయి. ఐతే ఇంత చిన్న ఊళ్లో కొన్ని వసతులు ఒక్కొక్కటే ఉండొచ్చు. ఉన్న ఒక్క క్లినిక్‌లో డాక్టర్ కొత్త పేషెంట్లను చేర్చుకోవడం ఆపేస్తే పక్క ఊరికి వెళ్లాలి. ఉన్న ఒక్క ఫ్యాక్టరీ మనుషులను తగ్గిస్తే ఊరు మొత్తం కదిలిపోతుంది.

పరిపాలన విషయం కూడా ఒకటుంది. 2014 స్థానిక పాలనా సంస్కరణల్లో 80 పట్టణ కౌన్సిళ్లను రద్దు చేశారు. రోడ్లు, ఇళ్ల అనుమతులు, ప్రణాళికలు ఇప్పుడు కౌంటీ కౌన్సిల్ చేతిలో ఉన్నాయి. ఊరికి సొంత మున్సిపాలిటీ లేనప్పుడు, దాని బాగోగులు స్వచ్ఛందంగా పనిచేసే స్థానికుల ఓపిక మీద చాలావరకు ఆధారపడతాయి.

అవార్డులు దేన్ని కొలుస్తున్నాయి

ఆ ఓపికకు కొలమానంగా నిలిచింది టైడీ టౌన్స్ పోటీ. 1958లో మొదలైంది. మొదటి విజేత డొనెగల్ కౌంటీలోని గ్లెంటీస్. 2021లో ఎన్నిస్, 2023లో ఏబీలీక్స్ గెలిచాయి. చెత్త, పచ్చదనం, పాత భవనాల సంరక్షణ, జీవవైవిధ్యం, స్థానికుల భాగస్వామ్యం వంటివి చూసి మార్కులు వేస్తారు. కొత్తవాళ్లకు ఇది పనికిమాలిన సమాచారమేమీ కాదు. సాయంత్రాలూ సెలవు రోజులూ చేతి సంచులతో బయల్దేరి రోడ్డు పక్క చెత్త ఏరే బృందం ఉన్న ఊళ్లో ఇరుగుపొరుగుతో పరిచయానికి ఒక తలుపు తెరిచే ఉంటుంది. ఆ బృందంలో చేరడం కన్నా వేగంగా ఊరికి దగ్గరయ్యే మార్గాలు తక్కువ.

డబ్లిన్‌కు దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న గ్రేస్టోన్స్ మరో తరహా ఉదాహరణ. 2023లో ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలన్నిట్లోని తల్లిదండ్రుల సంఘాలు ఒక మాట మీదికి వచ్చి, పిల్లలు హైస్కూలుకు వెళ్లేదాకా స్మార్ట్‌ఫోన్ కొనివ్వకూడదని స్వచ్ఛందంగా నియమం పెట్టుకున్నాయి. ఇలాంటి ఉమ్మడి నిర్ణయం సాధ్యమైన ఊరు పిల్లలున్న కుటుంబాలను ఆకర్షించడంలో ఆశ్చర్యం లేదు. డబ్లిన్ లోకల్ రైలు డార్ట్‌కు చివరి స్టేషన్ కూడా అదే. కాబట్టి ఇళ్ల ధరలూ ఆ స్థాయిలోనే ఉంటాయి.

అవార్డులోని అసలు పరిమితి ఇక్కడ కనిపిస్తుంది. ఊరిని నామినేట్ చేసేది అక్కడ హాయిగా ఉంటున్నవాళ్లు. వాళ్లలో చాలామందికి సొంతిల్లు, కారు, చిన్ననాటి స్నేహాలు ఉంటాయి. ఇల్లు దొరక్క వెనక్కి వెళ్లిపోయినవాడి ఓటు ఎక్కడా నమోదు కాదు. పైగా పేరొచ్చిన ఊరికి సందర్శకులు పెరుగుతారు, సెలవులకు వచ్చేవాళ్లకు ఇచ్చే ఇళ్లు పెరుగుతాయి, ఏడాది పొడవునా అద్దెకిచ్చే ఇళ్లు ఆ మేరకు తగ్గుతాయి. వెస్ట్‌పోర్ట్‌లో ఒకవైపు 1977 నుంచి నడుస్తున్న ఫార్మా ప్లాంట్ ఉద్యోగులున్నారు. మరోవైపు 1937లో మూతపడిన పాత రైలు మార్గాన్ని 2010-11లో సైకిల్ బాటగా మార్చిన గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వే కోసం పర్యాటకులు వస్తారు. ఇద్దరికీ కావలసింది ఆ కొద్దిపాటి ఇళ్లే. ఊరు ఎంత బాగుంటే అక్కడ ఇల్లు దొరకడం అంత కష్టమయ్యే ఈ చక్రం ఐర్లండ్ పశ్చిమ తీరంలో ఊరి తర్వాత ఊరిలో కనిపిస్తుంది.

ఇల్లు దొరకని దేశం ఎలా అయింది

2000 దశకం మధ్యలో ఐర్లండ్ ఇళ్లు కడుతూనే పోయింది. 2008 సంక్షోభంలో బ్యాంకులు, బిల్డర్లు ఒకేసారి కూలారు. సగం కట్టి వదిలేసిన కాలనీలు దేశమంతటా మిగిలాయి. వాటికి దెయ్యాల కాలనీలని పేరు పడింది. ఆ దెబ్బకు నిర్మాణ రంగంలోని కార్మికులు, కాంట్రాక్టర్లు వేరే దేశాలకు వెళ్లిపోయారు. ఏళ్ల తరబడి కొత్త ఇళ్లు నామమాత్రంగా వచ్చాయి. జనాభా మాత్రం పెరుగుతూనే ఉంది. 2024లో పూర్తయిన కొత్త ఇళ్లు 30,330. అవసరానికి అవి ఏ మూలకూ చాలవని ప్రభుత్వమూ ఒప్పుకుంటోంది. ఇళ్ల ప్రకటనల వెబ్‌సైట్ డాఫ్ట్ లెక్కల ప్రకారం 2025 ఆరంభంలో దేశవ్యాప్తంగా కొత్తగా అద్దెకు వచ్చే ఇళ్ల సగటు అద్దె నెలకు 2,000 యూరోలు దాటింది. డబ్లిన్‌లో అంతకంటే బాగా ఎక్కువ.

ఇక్కడ ఒక విషయం బాగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే చాలా కుటుంబాల లెక్కలు తప్పేది ఇక్కడే. 2016 డిసెంబరులో ప్రభుత్వం కొన్ని ప్రాంతాలను అద్దె ఒత్తిడి మండలాలుగా ప్రకటించి, అద్దె పెంపుపై పరిమితి పెట్టింది. 2025 జూన్‌లో దాన్ని దేశమంతటికీ విస్తరించింది. ఈ పరిమితి ఇప్పటికే ఇంట్లో ఉంటున్న అద్దెదారుకు గట్టి రక్షణ. దాంతో పాత అద్దెకూ కొత్త అద్దెకూ మధ్య ఎడం ఏటా పెరుగుతూ వచ్చింది. ఐదారేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న బంధువు ‘ఇక్కడ అద్దె ఇంతే’ అని చెప్పే అంకె అబద్ధం కాదు, కానీ అది ఈరోజు దిగేవాళ్లకు దొరికే అంకె కాదు. ఊళ్లను పోల్చేటప్పుడు ఈ వారం ప్రకటనల్లో ఉన్న అద్దెలనే చూడాలి. ఆ ఊరి పేరుతో ఎన్ని ప్రకటనలున్నాయో కూడా లెక్కపెట్టాలి. అద్దె తక్కువగా ఉండి రెండే ఇళ్లున్న ఊరి కన్నా, అద్దె కాస్త ఎక్కువైనా ముప్ఫై ఇళ్లున్న ఊళ్లో కుటుంబం త్వరగా స్థిరపడుతుంది.

2021 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఇంట్లో దిగడానికి ముందు ఇంటి యజమాని ఒక నెల డిపాజిట్, ఒక నెల అద్దె మించి అడగకూడదు. విద్యార్థుల వసతి విషయంలో మాత్రం కొంత వెసులుబాటు ఉంది. ఇల్లు చూపించకుండానే ఇండియా నుంచి డబ్బు పంపమన్నవాళ్లకు ఒక్క రూపాయి కూడా పంపకూడదు. అద్దె కట్టేవాళ్లకు ఒక్కొక్కరికి ఏడాదికి 1,000 యూరోల దాకా ఆదాయపు పన్నులో తగ్గింపు వస్తుంది. చాలామంది దాన్ని అడగడమే మర్చిపోతారు.

ద్వీపానికి వెళ్తే డబ్బిస్తారన్న ప్రచారం

2023లో ‘ఐర్లండ్ ద్వీపాల్లో ఉంటామంటే ప్రభుత్వం 80 వేల యూరోలు ఇస్తుంది’ అన్న కథనం ప్రపంచమంతా తిరిగింది. మన సోషల్ మీడియాకూ చేరింది. దాని వెనుక ఉన్నది నిజమైన పథకమే, అర్థమే తలకిందులైంది. జనగణనలో దేశమంతటా 1,66,000కు పైగా ఇళ్లు ఖాళీగా కనిపించాయి. యజమాని చనిపోయి వారసత్వం తేలనివి, శిథిలమైనవి, మరమ్మతు ఖర్చుకు భయపడి వదిలేసినవి అందులో చాలా ఉన్నాయి. పాత ఖాళీ ఇల్లు కొని బాగు చేసుకునేవాళ్లకు 50 వేల యూరోల దాకా, పూర్తిగా పాడుబడిన ఇంటికైతే 70 వేల దాకా గ్రాంటు ఉంది. ద్వీపాల్లో సామగ్రి రవాణా ఖర్చు ఎక్కువ కాబట్టి ఆ పరిమితిని 84 వేలకు పెంచారు. డబ్బు ఇంటి మరమ్మతుకే. ఇల్లు ముందు కొనాలి, పని పూర్తి చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, దానితో వీసా రాదు. ఐతే స్టాంప్ 4 (ఉద్యోగ పర్మిట్ లేకుండానే పనిచేయనిచ్చే నివాస అనుమతి) వచ్చి దేశంలో పాతుకున్న కుటుంబానికి పట్టణం నడిబొడ్డున పాత ఇల్లు కొని ఈ గ్రాంటుతో బాగు చేసుకోవడం ఆలోచించదగ్గ దారే. కొత్త ఇంటికి మొదటిసారి కొనేవాళ్లకు ఇచ్చే 30 వేల యూరోల దాకా పన్ను వాపసు పాత ఇళ్లకు వర్తించదు. అందుకే ఆ తేడా ముందే చూసుకోవాలి.

నావన్, మేనూత్: ఒక రైలు చేసే తేడా

డబ్లిన్ అద్దె భరించలేనివాళ్లు చుట్టుపక్కల ఊళ్లవైపు చూస్తారు. అక్కడ రెండు ఊళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే రైలు విలువ అర్థమవుతుంది. మీథ్ కౌంటీలోని నావన్ డబ్లిన్‌కు సుమారు 50 కిలోమీటర్లు. జనాభా 34 వేలు. ఐనా ప్రయాణికుల రైలు లేదు. డబ్లిన్ నుంచి నేరుగా వచ్చే పాత మార్గంలో ప్రయాణికుల రైళ్లు 1947లో ఆగిపోయాయి, 1963లో మార్గాన్నే మూసేశారు. 2010లో డబ్లిన్ నుంచి ఎం3 పార్క్‌వే స్టేషన్ దాకా పట్టాలు మళ్లీ వేశారు. అక్కణ్నుంచి నావన్ దాకా పొడిగించే రెండో దశ, ఆర్థిక సంక్షోభంలో ఆగిపోయింది. 2042 వరకు వేసిన రవాణా ప్రణాళికలో అది మళ్లీ చోటు సంపాదించింది కానీ, ఇప్పుడు ఇల్లు వెతుక్కునేవాళ్లకు ఆ మాట ఉపయోగపడదు. తారా గనుల జింక్ ఖనిజం కోసం డ్రోహెడా వైపు పట్టాలున్నాయి. మనుషులు మాత్రం బస్సు ఎక్కాలి, లేదా టోల్ కట్టి మోటార్‌వే మీద కారులో వెళ్లాలి. ఉదయం ట్రాఫిక్‌లో ఆ ప్రయాణం ఎంతసేపన్నది ఆ రోజు రోడ్డు మీద ఆధారపడుతుంది.

కిల్డేర్ కౌంటీలోని మేనూత్‌లో జనం నావన్‌లో సగమే. కానీ అది డబ్లిన్–స్లైగో రైలు మార్గం మీద ఉంది. డబ్లిన్‌కు పాతిక కిలోమీటర్ల దూరం. అదే మార్గంలో తర్వాత వచ్చే లీక్స్‌లిప్‌లో 1989 నుంచి ఇంటెల్ ఉంది. మేనూత్‌లోనే విశ్వవిద్యాలయం ఉంది. అంటే ఒకే పట్టాల మీద చదువు, చిప్ ఫ్యాక్టరీ, రాజధాని ఆఫీసులు మూడూ ఉన్నాయి. భార్య ఒకవైపు, భర్త మరోవైపు రైలెక్కి ఉద్యోగానికి వెళ్లొచ్చు. దీనికి మూల్యం కూడా ఉంది. విద్యార్థులు, ఇంటెల్ ఉద్యోగులు, డబ్లిన్‌కు రోజూ వెళ్లొచ్చేవాళ్లు, ముగ్గురూ ఒకే ఇళ్ల కోసం పోటీ పడతారు. సెప్టెంబరుకు ముందు రెండు నెలలు అక్కడ ఇల్లు వెతకడం మరీ కష్టం.

కొత్తవాళ్లకు రైలు ఎందుకు ఇంత ముఖ్యమంటే, ఇండియా డ్రైవింగ్ లైసెన్సును ఐరిష్ లైసెన్సుగా మార్చుకునే వీల్లేదు. వచ్చిన మొదటి ఏడాది దానితో నడపొచ్చు. ఆ తర్వాత థియరీ పరీక్ష, లెర్నర్ పర్మిట్, 12 తప్పనిసరి పాఠాలు, డ్రైవింగ్ టెస్టు కోసం నెలల తరబడి ఎదురుచూపు. ఇండియాలో పదేళ్లు ప్రమాదం లేకుండా నడిపిన చరిత్రను అక్కడి బీమా సంస్థలు సాధారణంగా లెక్కలోకి తీసుకోవు. కాబట్టి మొదటి రెండేళ్లు కారు లేకుండా బతకగలిగే ఊరే సగటు కుటుంబానికి తెలివైన ఎంపిక. ఇంటి నుంచే పని ఉందన్న భరోసాతో దూరపు ఊరు ఎంచుకునేవాళ్లూ ఉన్నారు. 2022 జనగణనలో ఉద్యోగుల్లో దాదాపు మూడో వంతు వారంలో కనీసం ఒక రోజు ఇంటి నుంచి పనిచేశామని చెప్పారు. 2024 మార్చి నుంచి ఇంటి పని కోరే చట్టబద్ధ హక్కు కూడా వచ్చింది. ఐతే అది అడిగే హక్కు మాత్రమే. తగిన కారణం చూపి కాదనే వీలు యజమానికి ఉంది. వారానికి రెండు రోజులు ఆఫీసన్నది నాలుగు రోజులైతే, దేశం నడిమధ్యన ఉన్న అథ్లోన్ లాంటి ఊరి నుంచి బతుకు ఎలా సాగుతుందో ముందే లెక్క వేసుకోవాలి.

రెండో ఉద్యోగం ఎంత దూరంలో ఉంది

ఐరిష్ పౌరుడికి ఉద్యోగం పోతే బాధ. పర్మిట్ మీద ఉన్న భారతీయుడికి అదే గడియారం మొదలవడం. తొలగింపుకు గురైతే కొత్త పర్మిట్ ఇచ్చే యజమానిని వెతుక్కోవడానికి ఆరు నెలల గడువు ఉంటుంది. 2024 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, మొదటి యజమాని దగ్గర తొమ్మిది నెలలు పనిచేశాక మరో యజమానికి మారే వీలు కల్పించింది. ఈ వెసులుబాటు కాగితం మీద అందరికీ ఒకటే. నిజ జీవితంలో చుట్టుపక్కల అదే నైపుణ్యం కోరే సంస్థలు ఐదున్న ఊళ్లో దాని విలువ ఒకటి, ఒక్కటే ఉన్న ఊళ్లో ఇంకొకటి.

లిమరిక్ కథ ఈ విషయాన్ని అన్నిటికన్నా బాగా చెబుతుంది. అక్కడ కంప్యూటర్లు తయారు చేసిన డెల్ 2009లో ఉత్పత్తిని పోలండ్‌కు తరలించింది. సుమారు 1,900 ఉద్యోగాలు పోయాయి. అదే ఏడాది వాటర్‌ఫర్డ్‌లో ప్రపంచ ప్రసిద్ధమైన క్రిస్టల్ ఫ్యాక్టరీ మూతపడింది. రెండు నగరాలూ ఒకేసారి దెబ్బతిన్నాయి. లిమరిక్‌లో 1976 నుంచే అనలాగ్ డివైసెస్ ఉంది, ఇంజినీరింగ్‌లో పేరున్న విశ్వవిద్యాలయం ఉంది. డెల్ వదిలిన ఆ భవనాన్నే తర్వాత రీజెనరాన్ సంస్థ కొని ఔషధాల తయారీకి మార్చింది. గాల్వేలో కూడా ఇలాంటిదే అంతకు ముందు జరిగింది. 1993లో డిజిటల్ కంప్యూటర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ నగరం మెడ్‌ట్రానిక్, బోస్టన్ సైంటిఫిక్ వంటి వైద్య పరికరాల సంస్థల కేంద్రంగా ఎదిగింది. పెద్ద సంస్థ పోయాక ఊరు కోలుకోవడానికి కావలసింది నైపుణ్యం ఉన్న మనుషులు, వాళ్లను తయారు చేసే విద్యాసంస్థ. రెండూ ఉన్న ఊళ్లు ఐర్లండ్‌లో కొన్నే.

కార్క్‌లో 1980 నుంచి యాపిల్, దాని దక్షిణాన రింగాస్కిడి చుట్టూ ఫార్మా సంస్థలు ఉన్నాయి. హైదరాబాద్ ఫార్మా అనుభవం ఉన్నవాళ్లకు డబ్లిన్ కన్నా కార్క్ చుట్టుపక్కల ఊళ్లే సహజమైన చోటు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు డబ్లిన్, దాని రైలు మార్గాలకు సాటి ఇంకోటి లేదు.

లెటర్‌కెన్నీ, కనిపించని సరిహద్దు

ఉత్తరాన డొనెగల్ కౌంటీలోని లెటర్‌కెన్నీ తెలుగు ఐటీ ఉద్యోగులకు పరిచయమైన పేరే. 2020లో టీసీఎస్ అక్కడి ప్రామెరికా సిస్టమ్స్ కేంద్రాన్ని 1,500కు పైగా ఉద్యోగులతో తీసుకుంది. అద్దెలు డబ్లిన్ కన్నా తక్కువ. కొండలు, సముద్రం, మంచితనం ఉన్న జనం. కానీ డొనెగల్ కౌంటీ మొత్తానికి రైలు లేదు. అంతకన్నా ముఖ్యమైన విషయం ఊరి ప్రచారాల్లో కనిపించదు. బ్రిటన్ పాలనలో ఉన్న ఉత్తర ఐర్లండ్ సరిహద్దు అక్కడికి అరగంట దూరం. రోడ్డు మీద చెక్‌పోస్టు లేదు, గీత లేదు. మైళ్లలో ఉన్న వేగపరిమితి బోర్డు చూస్తేనే దేశం మారిందని తెలుస్తుంది. ఐరిష్ నివాస కార్డు ఉన్న భారతీయుడు ఆ గీత దాటాలంటే బ్రిటన్ వీసా ఉండాలి. లెటర్‌కెన్నీ నుంచి డబ్లిన్ వెళ్లే ప్రధాన బస్సు మార్గం స్ట్రాబేన్, ఒమా పట్టణాల మీదుగా, అంటే ఉత్తర ఐర్లండ్ గుండానే వెళ్తుంది. స్థానికుడికి ఊరి బస్సు అయినది భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు వీసా సమస్య అవుతుంది. డండాక్‌లో ఉన్నవాళ్లకూ సరిహద్దు అవతలి న్యూరీ సంతకు వెళ్లే విషయంలో ఇదే నియమం. ఇండియా పౌరసత్వం ఉన్నంతకాలం సరిహద్దు ఊళ్ల చుట్టుకొలత, మ్యాపులో కనిపించేదాంట్లో సగమే.

వాన, గాలి, గోడలు

డబ్లిన్‌లో ఏడాదికి కురిసే వాన సుమారు 750 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో కురిసేదానికి దగ్గర్లోనే ఉంటుంది. తేడా అంతా పంపకంలో. తూర్పు తీరంలో ఏడాదికి 150 రోజులు, పశ్చిమాన కొన్నిచోట్ల 225 రోజులు తడి రోజులే. పశ్చిమాన వాన 1,000 నుంచి 1,400 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. వెక్స్‌ఫర్డ్ చుట్టూ ఉన్న ఆగ్నేయ మూలకు ఎండ ఎక్కువ. డిసెంబరులో పగలు ఏడున్నర గంటలే. ఆ చీకటి నెలల్లో ఇంట్లో ఒంటరిగా ఉండే జీవిత భాగస్వామికి నడిచి వెళ్లగలిగే లైబ్రరీ, దుకాణం, మాట్లాడే మనిషి ఎంత అవసరమో అద్దె ప్రకటనలు చెప్పవు.

2025 జనవరి 24న ఎయోవిన్ తుపాను వచ్చినప్పుడు గాల్వే తీరంలోని మేస్ హెడ్ వద్ద గంటకు 180 కిలోమీటర్లు దాటిన గాలి నమోదైంది. దేశంలో 7,68,000 ఇళ్లకు, సంస్థలకు కరెంటు పోయింది. పశ్చిమ, వాయవ్య గ్రామాల్లో కొందరికి అది తిరిగి రావడానికి వారం దాటింది. సొంత బావి మోటారు మీద ఆధారపడే ఇళ్లలో నీళ్లూ ఆగాయి. 2023 అక్టోబరులో బాబెట్ తుపాను కార్క్ కౌంటీలోని మిడిల్టన్ ప్రధాన వీధిని ముంచింది. మిడిల్టన్ రైలున్న ఊరు, కార్క్‌కు దగ్గర, నివాసానికి మంచిది. అందులోనే నదికి దగ్గర వీధి ఒకటి, ఎత్తున ఉన్న వీధి ఒకటి.

ఇల్లు కొనేవాళ్లు గోడలూ పరీక్షించాలి. డొనెగల్, మేయో కౌంటీల్లో నాసిరకం కాంక్రీటు ఇటుకలతో కట్టిన వేల ఇళ్లు పగుళ్లిచ్చి కూలే స్థితికి వచ్చాయి. ప్రభుత్వం వాటికి ప్రత్యేక పరిహార పథకమే పెట్టాల్సి వచ్చింది. నేలలోంచి వచ్చే రాడాన్ వాయువు మరో సమస్య. దేశంలో ఏటా సుమారు 350 ఊపిరితిత్తుల క్యాన్సర్లకు దానితో సంబంధం ఉందని అక్కడి పర్యావరణ సంస్థ అంచనా. పరీక్ష చవక, నివారణ సాధ్యం. ఇంటి శక్తి సామర్థ్యాన్ని చెప్పే బీఈఆర్ రేటింగ్‌లో అట్టడుగున ఉండే ఎఫ్, జీ వచ్చిన ఇంట్లో అద్దెలో మిగిలిన డబ్బు చలికాలం హీటింగ్ బిల్లుకే పోతుంది.

ఆసుపత్రి, బడి

2009లో ఎన్నిస్, నీనా పట్టణాల ఎమర్జెన్సీ విభాగాలను మూసి, ఆ ప్రాంతమంతటికీ లిమరిక్ విశ్వవిద్యాలయ ఆసుపత్రినే కేంద్రం చేశారు. ఆ తర్వాత అక్కడ పడక దొరక్క ట్రాలీల మీద ఎదురుచూసే రోగుల సంఖ్య ఏటా జాతీయ వార్త అవుతోంది. ఎన్నిస్ ఎంత శుభ్రమైన ఊరైనా, అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే వెళ్లాల్సింది ఆ వరుసలోకే. పెద్దవాళ్లను ఇండియా నుంచి తెచ్చుకోవాలనుకునేవాళ్లు దీన్ని మొదట చూడాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు డాక్టర్ సందర్శన ఉచితం. పేరు నమోదు చేసుకునే క్లినిక్ దొరకడమే కష్టం.

ప్రాథమిక పాఠశాలల్లో దాదాపు 90 శాతం క్యాథలిక్ చర్చి ఆధ్వర్యంలో నడుస్తాయి. సీట్లకు మించి దరఖాస్తులు వచ్చినా బాప్టిజం చూసి ఎంచుకోవడాన్ని 2018 చట్టం ఆపింది. కాబట్టి మతం కారణంగా సీటు పోతుందన్న భయం అక్కర్లేదు. నిజమైన అడ్డంకి కాలం. ఆగస్టు చివర మొదలయ్యే తరగతికి అంతకు ముందరి శరదృతువు నుంచే దరఖాస్తులు తీసుకుంటారు. ఫిబ్రవరిలో దిగిన కుటుంబానికి ఊళ్లో ఉన్న ఒక్క బడీ నిండిపోయి ఉండొచ్చు. మత సంబంధం లేని ఎడ్యుకేట్ టుగెదర్ బడులు డబ్లిన్ చుట్టుపక్కలే ఎక్కువ.

భద్రత గురించి

2025 జులైలో డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయుడిపై దారుణ దాడి జరిగింది. తర్వాత మరికొన్ని దాడులు వెలుగులోకి వచ్చాయి. వాటర్‌ఫర్డ్‌లో ఆరేళ్ల పాపనూ వదల్లేదు. ఆగస్టు 1న భారత రాయబార కార్యాలయం జాగ్రత్తలు చెబుతూ ప్రకటన ఇచ్చింది. ఐరిష్ అధ్యక్షుడు దాడులను బహిరంగంగా ఖండించారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోవడం తప్పు. అలాగని ఏ ఊరు సురక్షితమో ఈ ఘటనలతో తేల్చడమూ కుదరదు. పెద్ద శివారులోనూ, చిన్న నగరంలోనూ అవి జరిగాయి. 2022 జనగణన నాటికే దేశంలో 45 వేల మందికి పైగా భారత పౌరులున్నారు. ఎక్కువమంది నిశ్చింతగానే పనికి వెళ్లివస్తున్నారు. ఊరి పేరు కన్నా రాత్రి డ్యూటీ దిగాక బస్‌స్టాప్ నుంచి ఇంటి దాకా ఎంత దూరం, ఆ దారిలో దీపాలూ మనుషులూ ఉన్నారా అన్నవి పనికొచ్చే ప్రశ్నలు. 2024 చివర అమల్లోకి వచ్చిన చట్టం ద్వేషంతో చేసిన దాడికి ఎక్కువ శిక్ష విధిస్తుంది. అది పనిచేయాలంటే గార్డా పోలీసులకు ఫిర్యాదు నమోదు కావాలి.

ఊరి నుంచి ఇంటి దాకా

2015 జులై దాకా ఐర్లండ్‌లో పిన్‌కోడ్ లాంటిది డబ్లిన్‌లో తప్ప ఉండేది కాదు. పల్లెల్లో ఉత్తరాలు ఇంటి పేరు, ఊరి పేరు చూసే చేరేవి. అప్పుడు తెచ్చిన ఏడక్షరాల ఈర్‌కోడ్ ప్రతి ఇంటికీ వేరు. ఇల్లు వెతుక్కునేవాళ్లకు దానంత మేలు చేసే సాధనం ఇంకొకటి లేదు. ప్రకటన ఇచ్చినవాళ్లను ఈర్‌కోడ్ అడిగి తీసుకుంటే ఆ ఇంటికి రాడాన్ ముప్పు ఉందా, ఫైబర్ ఇంటర్నెట్ వచ్చిందా చూడొచ్చు. అదే చిరునామాతో వరద మ్యాపు తెరవొచ్చు. 2010 నుంచి అమ్ముడైన ఇళ్ల ధరలన్నీ ప్రభుత్వ రిజిస్టరులో ఉన్నాయి కాబట్టి పక్కింటి ధరా తెలుస్తుంది. ఆ కోడ్‌ను ప్రయాణ యాప్‌లో పెట్టి, మంగళవారం ఉదయం ఎనిమిదికి ఆఫీసు చేరడానికి ఎంతసేపు, రాత్రి పదకొండుకు తిరిగి రావడానికి బస్సు ఉందా అని చూస్తే చాలు. వెస్ట్‌పోర్టా, మేనూతా, లిమరిక్కా అన్న వాదన ఎక్కువసార్లు అక్కడే తేలిపోతుంది.